తీర్పు నకలు

మా గూడేనికి తీర్పులు కొత్త కాదు. తీర్పు వినడమూ కొత్త కాదు. ఎందుకట్లా ఇచ్చారో తెలుసుకోవడమే కొత్త.

మా తాత చెప్పేవాడు. ఊళ్ళో తగువు వస్తే రచ్చబండ కాడికి పిలిచేవాళ్ళంట. పెద్దలు బండ మీద కూర్చుంటే మావాళ్ళు దూరంగా, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నిలబడాలి. చెప్పుకోమంటారు, చెప్పుకుంటారు. ఆ తరవాత పెద్దరైతు తీర్పు చెబుతాడు. చూసేవాళ్ళకి అంతా నలుగురి ముందే జరిగినట్టుంటుంది. కానీ ఆ తీర్పు ముందు రోజు రాత్రే పెద్దింటి పంచలో అయిపోయి ఉంటుంది. ఆ పంచలోకి మావాళ్ళు అడుగు పెట్టడానికి లేదు. "రచ్చబండ మీద మనకి చెప్పేది తీర్పు కాదురా, తీర్పు నకలు. అసలుది పంచలోనే ఉంటది" అనేవాడు. మా తాతకి చదువు రాదు. చెప్పులు కుట్టడమొచ్చు, మోట తోలడమొచ్చు. కానీ న్యాయం ఏ గదిలో తయారవుతుందో ఆయనకి బాగా తెలుసు.

మా ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటివాణ్ణి నేను. మా అయ్య పాలేరు, అమ్మ కూలి. హాస్టల్లో పురుగులన్నం తిని చదివి, బీఈడీ చేసి, 2012 డీఎస్సీలో టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాను. ఉద్యోగం వచ్చినాక గూడెంలో ఏ కాయితం వచ్చినా నా కాడికే వచ్చేది. బ్యాంకు నోటీసు, ఆసుపత్రి చీటీ, రేషను కార్డులో తప్పుపడ్డ పేరు. అట్లాగే మా అక్క కేసు కాయితాలూ నా చేతికొచ్చాయి.

అక్క మా పెద్దమ్మ కూతురు. ఆమె పేరు రాయను. ఊరు రాయను. జిల్లా కూడా రాయను. అత్యాచారానికి గురైన స్త్రీని గుర్తుపట్టే వివరం ఏదీ అచ్చులో రాకూడదని చట్టం చెబుతుంది. చట్టం చెప్పకపోయినా రాయను. ఈ వ్యాసం ఆ చట్టానికి ఎదురు కాదు. ఆ చట్టం పేరు చెప్పి మా నోటికీ మా చెవికీ వేసిన తాళం గురించి.

2009లో కేసయింది. పొలం పనికి పోయిన ఆడమనిషి మీద ముగ్గురు. ఎవరి కులం ఏదో నేను చెప్పనక్కరలేదు, చదివేవాళ్ళకి తెలుసు. పోలీసుస్టేషన్లో కేసు కట్టడానికి మూడు రోజులు పట్టింది. అక్క మూడు రోజులూ స్టేషన్ ముందు చెట్టు కిందే కూర్చుంది. వాళ్ళు రాజీకి రమ్మన్నారు. పెద్దమ్మ రానంది.

విచారణ మొదలయ్యేసరికి రెండేళ్ళు దాటింది. అక్క సాక్ష్యం చెప్పే రోజు నేను, పెద్దమ్మ, ఇంకో ఇద్దరం బస్సెక్కి పోయాం. కోర్టు హాలు బయట వరండాలో నిలబడ్డాం. లోపలినుంచి బంట్రోతు వచ్చి అక్క పేరు, తండ్రి పేరు కలిపి మూడుసార్లు అరిచాడు. పేపర్లో ఒక్క అక్షరం రాకూడని పేరు. వరండాలో ఉన్న వందమందీ తిరిగి చూశారు. అక్క తలొంచుకుని లోపలికి పోయింది. మేం వెనకాల పోబోతే ఆపారు.

"ఇన్ కెమెరా, మీరు రాకూడదు" అన్నాడు.

పెద్దమ్మకి కెమెరా అనే ఒక్క మాటే అర్థమయింది. "కెమెరా అంటన్నాడేంది, పిల్లకి ఫొటోలు తీస్తారా?" అని ఏడుపందుకుంది. ఇన్ కెమెరా అంటే ఫొటో కాదనీ, తలుపులు మూసి విచారించడమనీ నేను చెప్పాను. "అయితే వాళ్ళెందుకు లోపలున్నారు?" అంది. నా కాడ జవాబు లేదు. లోపల జడ్జిగారున్నారు, గుమస్తా ఉన్నాడు, సర్కారు వకీలున్నాడు. ముగ్గురు ముద్దాయిలున్నారు. వాళ్ళ తరఫున నలుగురు వకీళ్ళున్నారు. బయట ఉన్నది కన్నతల్లి.

ఆ తలుపు మూయాల్సిందే. నేను కాదనను. బజారుజనం ముందు, నవ్వే మొహాల ముందు ఏ ఆడకూతురూ ఆ సంగతులు చెప్పుకోలేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 327వ సెక్షన్ కోర్టు తలుపులు అందరికీ తెరిచి ఉండాలని చెబుతూనే, అత్యాచారం కేసుల్లో మూసి విచారించాలంటుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త కోడ్‌లో అది 366వ సెక్షన్. కానీ అదే సెక్షన్లో ఇంకో మాట కూడా ఉంది. అడిగితే, జడ్జిగారికి సబబనిపిస్తే, ఫలానా మనిషిని లోపల ఉండనివ్వొచ్చు. తల్లిని పక్కన కూర్చోబెట్టమని ఒక దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మాట మాకు ఎవరూ చెప్పలా. సర్కారు వకీలు మావైపు వకీలే అన్నారు గాని ఆయన మాతో మాట్లాడింది వరండా దాటేంత సేపే.

తరవాత తీర్పు. విచారణ తలుపులు మూసి జరిగినా తీర్పు మాత్రం తెరిచిన కోర్టులోనే చదవాలని చట్టం. ఇది చాలామంది చదువుకున్నవాళ్ళకే తెలియదు. మూసేది సాక్ష్యాన్ని, తీర్పుని కాదు. కానీ ఏ రోజు చదువుతారో మాకు కబురు లేదు. 2013లో ఒక సాయంత్రం ఊళ్ళో టపాకాయలు పేలాయి. పండగ కాదు, పెళ్ళి కాదు. గూడెంలో కుక్కలన్నీ మొరుగుతున్నాయి. అరగంటకి ఒక కుర్రాడు వచ్చి చెప్పాడు, కేసు కొట్టేశారంట అని. మాకు తీర్పు వినిపించింది జడ్జిగారు కాదు. టపాకాయలు.

మర్నాటి నుంచి ఊరు మాట్లాడటం మొదలుపెట్టింది. "ఆ పిల్ల చెప్పిందంతా అబద్ధమని జడ్జే రాశాడంట." "డబ్బుల కోసం పెట్టిన కేసని తేలిందంట." "మళ్ళీ ఇట్టాంటి కేసు పెడితే లోపలేస్తానన్నాడంట." అన్నీ అంటలే. ఆ అంటల్ని కాదనడానికి మా చేతిలో ఒక్క కాయితం లేదు. తలుపు వెనక ఏం జరిగిందో ముద్దాయిలకి తెలుసు, వాళ్ళ వకీళ్ళకి తెలుసు. తెలియనిది మాకే. కాబట్టి వాళ్ళు చెప్పిందే తీర్పయింది. అక్క కుళాయి కాడికి పోవడం మానేసింది. ఒక రోజు నన్ను పిలిచి ఒక్కటే అడిగింది.

"ఒరే తమ్ముడూ, జడ్జిగారు నన్ను ఏమన్నాడో కనుక్కోరా."

శిక్ష ఎందుకు పడలేదని అడగలేదు. పైకోర్టుకి పోదామని అడగలేదు. ఆయన నన్ను ఏమన్నాడు, అంతే.

నకలు కోసం కోర్టుకి పోయాను. కాపీల సెక్షన్లో గుమస్తా తలెత్తకుండా "నువ్వు కేసులో పార్టీవా?" అన్నాడు. కాదన్నాను. "ఆమె పార్టీయా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె ఒళ్ళు, ఆమె బతుకు, ఆమె పరువు. కానీ కేసు పేరులో ఆమె లేదు. ఒక పక్క స్టేట్ ఉంది, ఇంకో పక్క ముద్దాయిలున్నారు. ఆమె పి.డబ్ల్యు.1. ఒకటో నంబరు సాక్షి. శిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలని చట్టంలో రాసి ఉంది. సాక్షికి అట్లా రాసిలేదు. దరఖాస్తు పెట్టాలి, రుసుము కట్టాలి, నాలాంటి మూడో మనిషైతే ఎందుకు కావాలో అఫిడవిట్ వెయ్యాలి.

అక్క వేలిముద్రతో దరఖాస్తు పెట్టాం. ఒకసారి స్టాంపులు చాలలేదన్నారు. ఒకసారి రికార్డు పైనుంచి రాలేదన్నారు. ఒకసారి "ఇన్ కెమెరా కేసు గదా, ఇవ్వొచ్చో లేదో అడగాలి" అన్నారు. నాలుగోసారి పోయినప్పుడు నేను గవర్నమెంటు స్కూలు టీచర్నని తెలిసింది. "ముందే చెప్పొద్దా మాస్టారూ, కూర్చోండి" అన్నాడు. కుర్చీ వచ్చింది గాని కాయితం ఆ రోజూ రాలా. మొత్తం మీద నకలు చేతికి రావడానికి తీర్పు నాటినుంచి పదకొండు నెలలు పట్టింది. ప్రతిసారీ నాకొక క్యాజువల్ లీవు, అక్కకొక కూలి.

ఇరవయ్యారు పేజీలు. అంతా ఇంగ్లీషు. సాక్ష్యం చెప్పింది తెలుగులో, తీర్పు ఇంగ్లీషులో. పల్లెటూరి బళ్ళో అంతా తెలుగులోనే చదువుకున్న నేను నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. మూడో రాత్రి అక్క ఇంటికి పోయాను. ఎవరెవరు వినాలో ఆమెనే చెప్పమన్నాను. తల్లిని, ఇద్దరు వదినల్ని, గూడెం పెద్దని, సంఘం కుర్రాణ్ణొకణ్ణి పిలవమంది. "మా మామని మాత్రం వద్దు" అంది. అట్లాగే చేశాం.

ఏముంది అందులో? కేసు కట్టడం మూడు రోజులు ఆలస్యమైందని ఉంది. ఆ ఆలస్యం ఎందుకైందో పోలీసులు సంజాయిషీ చెప్పలేదని ఉంది. అట్రాసిటీ చట్టం కింద డీఎస్పీ హోదా అధికారి చెయ్యాల్సిన దర్యాప్తులో ముఖ్యమైన భాగం కింది అధికారి చేశాడని, అందుకని ఆ సెక్షన్లు నిలబడవని ఉంది. డాక్టరు సర్టిఫికెట్టు, బట్టల పరీక్ష సరిగ్గా జత చెయ్యలేదని ఉంది. కాబట్టి బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చి వదిలేస్తున్నామని ఉంది. అక్క అబద్ధం చెప్పిందన్న మాట ఇరవయ్యారు పేజీల్లో ఎక్కడా లేదు.

"బెనిఫిట్ ఆఫ్ డౌట్ అంటే ఏందిరా?" అంది.

"నువ్వు అబద్ధం చెప్పావని కాదక్కా. వాళ్ళు చేశారని పోలీసులు సరిగ్గా రుజువు చెయ్యలేదని."

"ఇంకోసారి చదువు" అంది. చదివాను. మూడోసారీ చదివించుకుంది. ఆ తరవాత "మూడు రోజులు నేను ఆ చెట్టు కిందే కూర్చున్నానని లోపల చెప్పా గదరా, అది రాయలేదా?" అంది. అది లేదు. ఆమె ఏం చెప్పిందో మేం వినలేదు. అందుకని ఆ మాట ఎక్కడ జారిపోయిందో పట్టుకోవడం కూడా మాకు చేతకాదు.

వారం తిరక్కుండా అక్క కుళాయి కాడికి పోయింది. ఎవరో మళ్ళీ ఆ అంట మాట అంటే "నకలు మా ఇంట్లో ఉంది, రా చదివిస్తా" అందంట.

మిత్రులారా, తీర్పు చదవడం అంటే ఏమిటో చరిత్రలో ఒక సంగతి చెబుతాను. 1972లో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీసు స్టేషన్లో ఇద్దరు పోలీసులు ఒక ఆదివాసీ పిల్ల మీద అత్యాచారం చేశారని కేసు. ఆమె పేరుతోనే ఆ కేసు దేశానికంతా తెలుసు, నేను ఇక్కడ రాయను. బొంబాయి హైకోర్టు శిక్ష వేస్తే 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు అచ్చయింది. అచ్చయింది గనక ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు చదివారు. 1979లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. అత్యాచారం కేసుని తలుపులు మూసి విచారించాలన్న నియమం, బాధితురాలి పేరు అచ్చు వెయ్యకూడదన్న నియమం ఆ 1983 సవరణలోనే వచ్చాయి.

అంటే ఈ మూసిన తలుపు పుట్టిందే ఒక తెరిచిన తీర్పులోంచి. ఎవరూ చదవకపోతే ఆ చట్టమే లేదు. ఇప్పుడు అదే చట్టం చూపించి తీర్పు చదవొద్దంటే ఎట్లా?

రాజస్థాన్‌లో భటేరీ గ్రామంలో 1992లో బాల్యవివాహాన్ని ఆపబోయిన కుమ్మరి కులం స్త్రీ మీద అత్యాచారం జరిగింది. 1995లో జైపూర్ సెషన్స్ కోర్టు ముద్దాయిల్ని వదిలేసింది. పై కులం మగవాళ్ళు కింది కులం స్త్రీని ముట్టుకోరన్నట్టుగా ఆ తీర్పులో ఉందన్న సంగతి బయటికొచ్చింది గనకనే దేశం మండిపడింది. ఆ కాయితాలు బయటికి రాకపోతే? "సాక్ష్యం చాల్లేదంట" అనుకుని ఊరుకునేవాళ్ళం. కులం ఎక్కడ దాక్కుంటుందో మనకి తెలుసు. తీర్పు చివరి పంక్తిలో దాక్కోదు. కారణాల్లో దాక్కుంటుంది. కారణాలు చూపించకుండా చివరి పంక్తి మాత్రమే వినిపిస్తే, అది మా తాత చెప్పిన రచ్చబండే.

చట్టంలో ఒక చిన్న వివరణ ఉంది, మనవాళ్ళు చూడాల్సింది. ఇలాంటి కేసుల్లో కోర్టులో జరిగిన సంగతి ఏదైనా అనుమతి లేకుండా అచ్చు వేస్తే రెండేళ్ళ దాకా జైలు. అయితే హైకోర్టు తీర్పు, సుప్రీంకోర్టు తీర్పు అచ్చు వెయ్యడం నేరం కాదని కింద వివరణ ఇచ్చారు. పాత శిక్షాస్మృతి 228ఎలో ఉన్నదే 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 73లోనూ ఉంది. ఆ వివరణలో సెషన్స్ కోర్టు లేదు. మన ఆడవాళ్ళ కేసులు ఎక్కడ ఆగిపోతాయి? ఎక్కువ భాగం సెషన్స్ కోర్టులోనే. హైకోర్టు దాకా పోయే డబ్బు, మనిషి, ఓపిక ఉన్నవాళ్ళ తీర్పులకి అచ్చు, లేనివాళ్ళ తీర్పులకి బీరువా.

తలుపు తెరవడం ఎట్లా ఉంటుందో మనం చూడకపోలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపినాక, మన ఉద్యమం అడిగింది మా ఊళ్ళోనే కోర్టు పెట్టమని. కొట్లాడి సాధించారు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు నడిచింది. 2007 జూలై 31న ఆ ఊళ్ళోనే తీర్పు చదివారు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. చనిపోయినవాళ్ళ ఊళ్ళో, వాళ్ళ కుటుంబాలకి అందే దూరంలో. 2014 ఏప్రిల్ 22న హైదరాబాదులో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. అది కూడా తెరిచిన కోర్టే. ఎవరూ తలుపు మూయలేదు. కానీ చుండూరు గూడేనికీ ఆ హాలుకీ మధ్య మూడు వందల కిలోమీటర్ల దూరం, ఇంగ్లీషు భాష రెండూ ఉన్నాయి. మూసిన తలుపంటే చెక్క తలుపొక్కటే కాదని నాకు అప్పుడు తెలిసింది. అక్క తీర్పు నకలు నా సంచీలో ఉన్న రోజులవి.

ఆ నకలు ఉంది గనకనే అప్పీలుకి పోగలిగాం. ముద్దాయిల్ని వదిలేస్తే బాధితురాలు స్వయంగా అప్పీలు చేసుకోవచ్చని 2009 చివర్లో చట్టంలో చేర్చారు. కానీ గడువుంటుంది. నకలు కోసం దరఖాస్తు పెట్టినాక అది తయారయ్యేదాకా పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. తీర్పు వచ్చిందని తెలియక పోయిన రోజులు, స్టాంపులు చాలవని తిప్పిన రోజులు తీసెయ్యరు. ఆలస్యాన్ని మన్నించమని మేమే అర్జీ రాసుకోవాల్సి వచ్చింది. కబురు చెయ్యనిది వాళ్ళు, సంజాయిషీ మేం. ఆ అర్జీ ఒప్పుకున్నారు. అప్పీలుకి నంబరు పడింది. 2019 జనవరి 1న హైకోర్టు విడిపోయి అమరావతికి వచ్చినప్పుడు ఆ ఫైలూ వచ్చింది. ఇంకా విచారణకి రాలేదు.

చట్టాలు మారలేదని అనను. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 15ఎ సెక్షన్ ప్రతి ఒక్కరూ కంఠస్థం చెయ్యాలి. కోర్టులో ఏం జరగబోతున్నా బాధితులకి సకాలంలో తెలియజెయ్యాలి. బెయిలు, విడుదల, శిక్ష, ఏ దశలోనైనా వాళ్ళ మాట వినాలి. విచారణంతా వీడియో తియ్యాలి. ఈ నోటీసు మొక్కుబడి కాదు, తప్పనిసరి అని 2021లో హరిరామ్ భాంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో అదే కోర్టు బాధితురాలి పేరు ఎక్కడా రాకూడదని గట్టిగా చెప్పింది. పేరు తీసేసి తీర్పు రాయొచ్చని, కారణాలన్నీ చెప్పొచ్చని సుప్రీంకోర్టు తీర్పులే చూపిస్తున్నాయి. 2023 ఏప్రిల్లో మలయాళ చానల్ మీడియావన్ కేసులో, సీల్డు కవరులో పెట్టిన కాయితాలు ఒక పక్షానికి చూపించకుండా నిర్ణయం చెయ్యడం సహజ న్యాయానికి విరుద్ధమంది.

ఇంకో పక్క సమాచార హక్కు ఉంది గదా అని మా స్టాఫ్ రూములో స్నేహితులు అంటారు. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు కాయితాల నకళ్ళు సమాచార హక్కు చట్టం కింద కాదు, కోర్టు నియమాల కిందే తీసుకోవాలి. అంటే మళ్ళీ అదే కిటికీ, అదే గుమస్తా, అదే "నువ్వు పార్టీవా?"

అంబేద్కర్ అధ్యక్షతన రాసిన రాజ్యాంగంలో 145వ అధికరణం నాలుగో క్లాజు, సుప్రీంకోర్టు తీర్పు ఏదైనా తెరిచిన కోర్టులోనే ఇవ్వాలంటుంది. చదువు వినబడితే చెవిలో సీసం పోయాలని ధర్మసూత్రాలు రాసిన దేశంలో ఆ చిన్న క్లాజు విలువ మనకంటే ఎవరికి తెలుసు? వినడమే నేరమైన జాతికి, వినిపించి తీరాలని రాశారు.

ఇప్పుడు నా కాడికి పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారు. నకలు దరఖాస్తు ఎట్లా రాయాలో చెబుతాను. వచ్చిన నకలు తెలుగు చేసి నోటు పుస్తకంలో రాసిస్తాను. పేర్లు రాయను. ఇప్పటికి పద్నాలుగు తీర్పులు చేశాను. ఎంతమంది అడిగినా, ఎవరి తీర్పు వాళ్ళకే ఇస్తాను. ఇంకొకరికి చూపించాలంటే ఆమె ఒప్పుకోవాలి. తలుపు ఉండాలి, తాళం చెవి ఆమె చేతిలో ఉండాలి.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సంఘాల్లో పనిచేసే మిత్రులూ, మనం అడగాల్సింది పెద్ద కోరిక కాదు. తీర్పు ఇచ్చే తేదీ బాధితురాలికి ముందుగా చెప్పాలి. తీర్పు ఇచ్చిన రోజే నకలు ఉచితంగా ఆమె చేతిలో పెట్టాలి. అది తెలుగులో ఉండాలి. 2023లో తెలంగాణ హైకోర్టే ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పిచ్చింది. ఆస్తికి చెయ్యగలిగింది ఆడకూతురి మానానికి చెయ్యలేరా? పేరు, ఊరు తీసేసిన సెషన్స్ కోర్టు తీర్పు అచ్చు వెయ్యడం నేరం కాదని ఆ వివరణలో ఒక్క మాట చేర్చాలి. లోపల ఆమె పక్కన కూర్చోవడానికి ఆమెకి నచ్చిన మనిషి ఉండొచ్చని, విచారణ మొదలుకాకముందే ఆమెకి తెలుగులో చెప్పాలి.

ఇవి జరిగేదాకా ప్రతి గూడెంలో కనీసం ఒకరు కోర్టు మెట్లెక్కి నకలు తెచ్చేవాళ్ళుండాలి. దాన్ని చదివి చెప్పేవాళ్ళు ఇంకొకరుండాలి. మీ జిల్లాలో ఈ ఏడాది కొట్టేసిన అట్రాసిటీ కేసులెన్నో కనుక్కోండి. ఆ ఇళ్ళకి పోయి, తీర్పులో ఏముందో మీకు తెలుసా అని అడగండి. తెలియదంటే అక్కడే కూర్చుని దరఖాస్తు రాయండి.